నీలం మూత సీసా

కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు, ఒక బల్ల, బల్ల మీద పనిలేని ఇద్దరు మనుషులు ఉంటే చాలు. సీసాల సారుకు ఆ రెండూ బడి ఎదురుగా ఉన్న టీకొట్టులో ఇరవై ఏళ్లుగా దొరుకుతున్నాయి. నిజానికి ఆయన సారు కాదు, బడిలో సైన్సు ల్యాబ్ అటెండరు. సీసాలు తుడవడం, గ్లాసులు కడగడం, పిల్లల ప్రయోగాలకు కావలసినవి బల్ల మీద సర్దడం ఆయన పని. కానీ బెల్టుకు వేలాడే ల్యాబ్ తాళంచెవిని ఊపుకుంటూ ఆయన వరండాలో నడుస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్లు హెడ్మాస్టరు ఈయనే కాబోలు అనుకుని నమస్కారం పెట్టేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ఆ సాయంత్రం ఆయన టీకొట్టుకు రాకుండా ఉంటే బాగుండేది. కానీ వచ్చాడు.

సంగతేమిటంటే, ఆ పొద్దున బడికి పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆరో తరగతిలో కొత్త టీచరమ్మ, నీళ్లలో ఏవి కరుగుతాయి, ఏవి కరగవు అనే ప్రయోగం చేసి చూపిస్తోంది. అయిదు గ్లాసుల నీళ్లు, అయిదు సీసాలు. నీలం మూత సీసాలోంచి ఒక చెంచా తీసి గ్లాసులో వేసి, "చూడండి, ఉప్పు ఎంత చక్కగా కరిగిపోతుందో" అంది. అది కరగలేదు. ఎంత తిప్పినా తెల్లగా అడుగున కూర్చుంది. తెల్ల మూత సీసాలోంచి ఇంకో చెంచా తీసి, "సుద్దపొడి మాత్రం కరగదు" అంది. అది చూస్తుండగానే మాయమైంది. అరవై మంది పిల్లలు పగలబడి నవ్వారు. అధికారి నవ్వకుండా నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. ఆయన వెళ్లిన తర్వాత హెడ్మాస్టరు టీచరమ్మను పిలిచి, రేపు పది గంటలకల్లా సంజాయిషీ రాసి తెమ్మన్నాడు. ఆమెది ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం. తప్పు ఆమెదేనని తేలితే సోమవారం నుంచి రానక్కర్లేదని కూడా చెప్పేశాడు.

ఆ టీచరమ్మ టీకొట్టావిడ కూతురు.

మరి ఆ సీసాలకు మూతలు పెట్టిందెవరు? మనసు ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లబోయినప్పుడల్లా సీసాల సారు దాన్ని అదిలించి వెనక్కి తోలుతున్నాడు. ఒప్పుకుంటే తాళంచెవి లాగేసుకుని గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. రెండేళ్లపాటు గేటు తీస్తూ, వేస్తూ, కార్లకు దణ్ణం పెడుతూ. ఆ ఊహే ఆయనకు గిట్టలేదు. అలాగని రోజూ వచ్చేవాడు ఈ ఒక్కరోజూ టీకొట్టుకు రాకపోతే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. అందుకని కావాలనే, ఛాతీ విరుచుకుని మరీ వచ్చాడు.

బల్ల మీద పక్క కొట్టు టైలరు, రిటైరైన బస్సు కండక్టరు ముందే కూర్చుని ఉన్నారు. టీకొట్టావిడ టీ పోసి, చక్కెర వెయ్యకుండా ఆయన ముందు పెట్టింది. అది ఆయన పద్ధతి. చక్కెర వేసి కలపడం లోకంలో తనకొక్కడికే వచ్చని ఆయన నమ్మకం. బల్ల చివర రెండు గాజు డబ్బాలుంటాయి, ఎర్ర మూతది చక్కెర, నీలం మూతది ఉడకబెట్టిన గుడ్ల మీద చల్లే ఉప్పు. ఆ మూతల పద్ధతి కూడా ఆమెకు ఆయన నేర్పిందే. ఎర్ర మూత తీసి రెండు చెంచాలు వేసుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏంటి బావా, పొద్దున మీ బడిలో సుద్దముక్క కరిగిందట?" అన్నాడు టైలరు నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెడుతూ.

టీకొట్టావిడ వెనక్కి తిరిగి గిన్నె కడుగుతోంది. సీసాల సారు ఆమె వీపు వైపు ఒకసారి చూసి, గొంతు పెంచాడు.

"కరిగితే? కరిగితే ఏమైందంటాను? సుద్దపొడి కరగడం కూడా ఒక వింతేనా? దానికో ఆఫీసరు, ఆయనకో నోటుబుక్కు. నేను ఈ బడిలో చేరిన కొత్తలో కరిగించినవి చూసుంటే ఆ నోటుబుక్కు కాదు కదా, బీరువాలు చాలేవి కావు రాసుకోవడానికి. విను బావా. చేరి సరిగ్గా వారం. ఇదే గది, ఇదే ప్రయోగం. అప్పటి సైన్సు మాస్టారు మంచివాడే, కాకపోతే మణికట్టులో బలం లేనివాడు. గ్లాసుడు నీళ్లలో చెంచా చెంచా ఉప్పు వేసి తిప్పుతున్నాడు. పన్నెండు కరిగాయి. పదమూడోది అడుగున కూర్చుంది. ఇక కరగదు పిల్లలూ, నీళ్లు పట్టగలిగినంత పట్టేశాయి అన్నాడు. నేను మూల నిలబడి ఉన్నవాణ్ని ఒక్కడుగు ముందుకేసి, మాస్టారూ, అయిపోయింది నీళ్ల శక్తి కాదు, మీ ఓపిక, ఆ చెంచా ఇలా ఇవ్వండి అన్నాను. ఇచ్చాడు. పదమూడోది కరిగించాను. పద్నాలుగోదీ కరిగించాను."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు కండక్టరు. ముప్పై ఏళ్లు టిక్కెట్లు అడిగిన మనిషి, ఎవరు ఏం చెప్పినా ఒకసారి చించి చూస్తాడు.

"నువ్వు నమ్మితే ఎంత, మానితే ఎంత, ఇరవై కరిగించాను. కిటుకంతా తిప్పడంలో ఉంది. ఇదిగో ఇలా చూడండి, కుడికి మూడు తిప్పులు, ఎడమకు ఒకటి." టీ గ్లాసులో చెంచా గలగలలాడింది. "ఉప్పు కుడికి తిరిగి తిరిగి అలవాటు పడిపోతుంది, ఇదేదో బాగుందనుకుంటుంది, అప్పుడు చప్పున ఎడమకు తిప్పేసరికి దారి తప్పుతుంది. దారి తప్పినవాడు జనంలో కలిసిపోక ఏం చేస్తాడు? అలా చెంచాలు వదిలేసి దోసిళ్లతో వేశాను, దోసిళ్లు వదిలేసి బస్తా మూతి విప్పి వంచాను. బస్తా ఉప్పు, గ్లాసుడు నీళ్లు."

"గ్లాసు పొంగలేదా?" అన్నాడు కండక్టరు.

"పొంగడానికి దానికి ధైర్యముండాలిగా. ఎదురుగా ఉన్నది నేను."

టైలరు కిసుక్కున నవ్వాడు. సీసాల సారుకు ఒంట్లోకి కొంచెం ప్రాణం వచ్చింది. ఎదుటివాడు నవ్వితే ఆయనకు ఎంత కష్టమైనా కాసేపు గుర్తుండదు, అదే ఆయన మందు, అదే ఆయన రోగం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాస్టారుకు పంతం పట్టుకుంది. అయితే సుద్దపొడి కరిగించు చూద్దాం అన్నాడు. సుద్దపొడి మొండిఘటం, ఉప్పులాగా మంచిమాటకు లొంగే రకం కాదు. పావుగంట తిప్పాను, నీళ్లు తెల్లగా పాలలాగా అయ్యాయే కానీ అది కరగలేదు. అప్పుడు గ్లాసు దగ్గరగా వంగి, నువ్వు కరగకపోతే నిన్ను తీసుకెళ్లి లెక్కల మాస్టారు చేతికిస్తాను, రోజంతా బోర్డు మీద అరుగుతావు, ఏది కావాలో తేల్చుకో అన్నాను. అంతే. నీళ్లు అద్దంలా తేటపడ్డాయి."

"ఇన్ని సీసాలు కదా అన్నయ్యా," అంది టీకొట్టావిడ. గిన్నె తుడుస్తూ ఇటు తిరిగింది. ఆ సాయంత్రం ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "ఉప్పూ తెలుపే, సుద్దపొడీ తెలుపే. చీటీలు కూడా అంటించవట. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

సీసాల సారు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగితే మాత్రం? తగ్గేదేముంది? గడ్డం పైకెత్తాడు.

"చీటీలా? చెల్లెమ్మా, చీటీలు అంటించడం చేతకానివాడి పని. ముప్పై ఏళ్లలో ఒక్క చీటీ అంటించలేదు, అంటించను కూడా. ఎర్రది చక్కెర, నీలంది ఉప్పు, తెల్లది సుద్దపొడి, పచ్చది ఇసుక, నల్లది నూనె. నెలకోసారి మూతలన్నీ తీసి బకెట్లో వేసి కడుగుతాను, ఏ మూత ఏ సీసాదో నా వేళ్లకు తెలుసు. కళ్లతో పని లేదు. మూత కనిపిస్తే చాలు, లోపలున్నదేమిటో చెప్పేస్తాను."

"లోపల చూడక్కర్లేదా?"

"చూడాల్సినవాడు వేరు, నేను వేరు."

ఆమె గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, బల్లకు ఇవతల స్టూలు మీద కూర్చుంది. ఆమె కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ఏ రోజూ కూర్చోదు. అందుకే ఊపిరి తీసుకోకుండా కథ అందుకున్నాడు.

"సరే, సుద్దపొడి అయ్యాక ఇసుక. ఇసుక కష్టమేం కాదు, దాన్ని కాసేపు తిప్పితే చాలు, తాను ఇసుకన్న సంగతే మర్చిపోతుంది. నూనె దగ్గర మాత్రం, అబద్ధం ఎందుకు చెప్పాలి, కొంచెం ఇబ్బంది పడ్డాను. పైన తేలుతూ నన్ను చూసి నవ్వుతోంది. మీ ఇద్దరికీ ఏంటి గొడవ అని అడిగాను. నీళ్లు ఒక మాట చెప్పాయి, నూనె ఒక మాట చెప్పింది. ఇద్దరినీ కూర్చోబెట్టి, సర్ది చెప్పి, కలిపేశాను. ఇప్పటికీ ఆ గ్లాసులో నూనె ఎక్కడుందో ఎవడూ చెప్పలేడు."

"అక్కడితో ఆగుంటే బాగుండేది," అన్నాడు టైలరు.

"నేను ఆగుతాను బావా, లోకం ఆగనిస్తేగా? అదిగో సరిగ్గా అప్పుడు వచ్చాడు పై ఆఫీసరు. ఇప్పటివాళ్లలా కాదు, ఆరడుగుల మనిషి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మీసం. ఏం జరుగుతోందిక్కడ అని గద్దించాడు. కరిగిస్తున్నామండీ అన్నాను. అన్నీ కరుగుతాయా? అన్నీ కరుగుతాయండీ. అయితే ఇది కరిగించు అని చేతిలో ఉన్న పెన్ను గ్లాసులో పడేశాడు. కుడికి మూడు, ఎడమకు ఒకటి, పెన్ను లేదు. చెక్క స్కేలు వేశాడు, లేదు. బీరువా తాళం వేశాడు, లేదు. ఆయనకు ఒళ్లు మండి బల్ల ఎత్తి పడేశాడు."

"బల్ల గ్లాసులో ఎలా పట్టింది?" అన్నాడు కండక్టరు.

"నాలుగు కాళ్లూ ఒకేసారి పెడితే పట్టదు. ఒక్కో కాలూ దించాలి. ఆమాత్రం తెలియనివాడివి బస్సులోకి అంత జనాన్ని ఎలా ఎక్కించావయ్యా?"

ఈసారి కండక్టరు కూడా నవ్వాడు. టీకొట్టావిడ మాత్రం నవ్వలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బల్ల పోయింది, బెంచీలు పోయాయి, నల్లబోర్డు పోయింది, బడి ప్రహరీగోడ గ్లాసు పక్కనే ఉంది కాబట్టి అదీ పోయింది. పిల్లలు చప్పట్లు. ఆఫీసరుకు తల తిరిగి, లోపల ఏముందో చూద్దామని గ్లాసులోకి వంగాడు. వంగినవాడు మీసం తడిసిపోతుందని చూసుకోవద్దూ? మీసం తడిసింది. తడిసిందంటే కరిగిందనే. నేను బెల్టు పట్టి వెనక్కి లాగకపోతే మనిషే మిగిలేవాడు కాదు. మొహం నున్నగా పళ్లెంలా అయిపోయింది. ఏడుపు మొదలుపెట్టాడు పాపం. నా మీసం నాకిచ్చెయ్, నీకేం కావాలన్నా రాసిస్తాను అని కాళ్లా వేళ్లా పడ్డాడు. నేనేమన్నానో తెలుసా? ఆఫీసరుగారూ, లేవండి, కరిగినదేదీ పోదు, నీళ్లలోనే ఉంటుంది, మీరు ఆరో తరగతి సరిగ్గా చదవలేదు అన్నాను."

"ఆరో తరగతి పాఠంలో అదుంది," అన్నాడు టైలరు కండక్టరుతో.

"ఉండకేం? స్టవ్వు వెలిగించి గ్లాసు పెట్టాను. నీళ్లు మరుగుతుంటే ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలైంది. ముందు పెన్ను, తర్వాత స్కేలు, తర్వాత బల్ల. గోడ కూడా వచ్చింది, మునుపటి కంటే రెండడుగులు ఎక్కువ ఎత్తు, కావాలంటే వెళ్లి కొలుచుకోండి. బస్తా ఉప్పూ బస్తాలోకి వెళ్లిపోయింది, మూతి తనే కట్టుకుంది. చివరికి మీసం వచ్చింది. కాకపోతే ఆ పొగలో దానికి దారి కనిపించలేదేమో, పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరు మొహానికి అతుక్కుంది. ఆ హెడ్మాస్టరమ్మ రిటైరయ్యేదాకా ఆ మీసంతోనే బడి నడిపింది."

టైలరు పడి పడి నవ్వాడు. కండక్టరు కళ్లు తుడుచుకున్నాడు. సీసాల సారు గెలిచినవాడిలా బల్ల మీద చరిచి, అంతసేపూ చేతిలో తిప్పుతూ ఉన్న టీ గ్లాసెత్తి, గొంతు నిండా ఒక గుక్క తాగాడు.

తాగి, ఆగిపోయాడు.

అది టీ కాదు. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక ఆయన కళ్లు మెల్లగా ఎర్రబడ్డాయి.

"ఎలా ఉందన్నయ్యా?" అంది టీకొట్టావిడ.

ఆయన మింగాడు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. అని, ఆమె కళ్లలోకి చూస్తూ ఇంకో గుక్క తాగాడు. అదీ మింగాడు. మెడ నరాలు పైకి తేలాయి.

"నువ్వు వచ్చేముందు ఆ రెండు మూతలూ నేనే మార్చి పెట్టాను," అంది ఆమె మామూలు గొంతుతో. "రెండు చెంచాలు ఉప్పు వేసుకున్నావు. కుడికి మూడు, ఎడమకు ఒకటి బాగానే తిప్పావు, అంతా కరిగింది. ఒక్కసారైనా లోపలికి చూళ్లేదు."

టైలరు నవ్వబోయి ఆగిపోయాడు. ఇది నవ్వే సంగతి కాదని ఆమె మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అన్నయ్యా?" అంది. ఇరవై ఏళ్లలో ఆ బల్ల దగ్గర ఆ మాట ఆయన తప్ప వేరెవరూ అనలేదు. "అమ్మాయి మధ్యాహ్నమే ఇంటికొచ్చి సంజాయిషీ రాయడానికి కూర్చుంది. వేసేముందు నేను చూసుకోవాల్సింది, తప్పు నాదే అని రాసుకుంది. మూతల సంగతి రాయవేమే అన్నాను. వద్దమ్మా, ఆయన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా చేతికి చెంచా ఇచ్చి నువ్వు తిప్పమ్మా అన్నది ఆయనొక్కడే అంది. నీ పేరు ఎక్కడా రాయలేదు."

సీసాల సారుకు ఆ పిల్ల గుర్తొచ్చింది. రెండు జడలు, వెనక బెంచీ, గ్లాసు దగ్గరికి రావడానికి భయం. చెంచా ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది. ఉప్పు కరగగానే, ఎటు పోయింది మామయ్యా అని అడిగింది. ఎటూ పోలేదమ్మా, ఇక్కడే ఉంది అని చెప్పాడు. అది మాత్రం కోత కాదు.

"నిన్న మూతలు కడిగావా?" అంది ఆమె.

"కడిగాను."

"మళ్లీ పెట్టేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"వాచ్‌మన్."

"అతనికి చెబుతున్న కథ అప్పటికి ఎక్కడిదాకా వచ్చింది?"

ఆయన గ్లాసులోకి చూశాడు. అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక్కటీ దొరకలేదు.

"సుద్దపొడి దగ్గరికి," అన్నాడు.

కండక్టరు బల్ల మీద గీతలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు. సీసాల సారు గ్లాసెత్తి మిగిలిన ఉప్పు టీ కూడా, ఒక్క చుక్క వదలకుండా, తాగేశాడు. ఎవరూ తాగమనలేదు. వద్దన్నయ్యా అని టీకొట్టావిడ చెయ్యి చాపింది కూడా. ఆయన వినలేదు.

"నా టీలో ఏముందో చూసుకోకుండా కలుపుకున్నది నేను. నేనే తాగుతాను," అన్నాడు. గ్లాసు బోర్లించి, టైలరు వైపు చెయ్యి చాపాడు. "బావా, నీ కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చించు. పెన్సిలు వద్దు, పెన్నివ్వు."

పెన్ను కండక్టరు ఇచ్చాడు. సీసాల సారు బల్ల మీదకు వంగి రాశాడు. చెప్పేటప్పుడు వరద, రాసేటప్పుడు చుక్క చుక్క. మధ్యలో రెండుసార్లు ఆగి పెన్ను విదిలించాడు. తప్పు పెన్నుది కాదు. రాసి టైలరుకిచ్చాడు. టైలరు పైకి చదివాడు.

"నిన్న ల్యాబ్‌లో సీసాల మూతలు కడిగి, ఉప్పు మూత సుద్దపొడికి, సుద్దపొడి మూత ఉప్పుకు పెట్టింది నేను. సీసాలకు చీటీలు అంటించనిది కూడా నేనే. టీచరమ్మ తప్పు ఏమీ లేదు." టైలరు కాగితం తిప్పి వెనక చూశాడు. "ఇంతేనా బావా?"

"ఇంతే జరిగింది," అన్నాడు సీసాల సారు.

లేచి నిలబడి, బెల్టుకున్న తాళంచెవి విప్పడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల ముడి, వెంటనే రాలేదు. టీకొట్టావిడ లేచి వచ్చి గోళ్లతో ఆ ముడి విప్పింది. ఆయన తాళంచెవిని కాగితంలో పెట్టి మడిచి జేబులో వేసుకున్నాడు. రేపు పది గంటల దాకా ఎందుకు, హెడ్మాస్టరు ఇంకా బడిలోనే ఉన్నాడు, గదిలో లైటు కనిపిస్తోంది.

"అన్నయ్యా," అంది ఆమె. మంచినీళ్ల గ్లాసు ఇవ్వబోయింది.

ఆయన నీళ్లు తాగి, నోరు తుడుచుకుని, పొద్దున్నుంచీ వంగిపోతున్న వీపును మళ్లీ నిటారుగా చేశాడు.

"జాలిపడకండి. గేటు దగ్గర కూర్చోబెడితే కూర్చుంటాను. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆఫీసరు ఎదురుగా, అరవై మంది చూస్తుండగా, సుద్దపొడిని నిజంగా నీళ్లలో కరిగించినవాడు ఈ లోకంలో నేనొక్కడినే. అదీ నేను ఆ గదిలో లేకుండా. తాళంచెవి తీసుకుంటే తీసుకోనివ్వండి, ఆ తలుపు నన్ను చూస్తే దానంతటదే తెరుచుకుంటుంది."

రోడ్డు దాటి బడి గేటు వైపు నడిచాడు. గ్లాసు పొంగలేదా అని అడిగిన కండక్టరు కూడా, ఈ చివరి మాటకు మాత్రం అడ్డు చెప్పలేదు.